పేము కుర్చీలు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

నెల్లూరులో మా షెడ్డుకి కుర్చీలు అల్లికకి ఇచ్చి ఎదురుచూస్తున్న వాళ్ళందరికీ నమస్కారం. సంక్రాంతికి ఇస్తామన్నవి శివరాత్రి దాటితే గానీ రావు. అల్లేవాళ్ళ తప్పేమీ లేదు. పేము చెడ్డది వచ్చింది.

మద్రాసులో ఏళ్ల తరబడి ఒకే వ్యాపారి దగ్గర కొంటున్నాం. ఈసారి కట్టలు పైకి నిగనిగలాడుతూ వచ్చాయి. నానబెట్టి చేతికివ్వగానే మా అల్లికవాళ్ళలో పెద్దాయన, పుట్టుకతో చూపు లేని మనిషి, "ఇది పెళుసు సార్, వద్దు" అన్నాడు. నా కళ్ళకి ఏ తేడా కనపడలేదు. ఆయన అన్నట్టే ఐమూల పోగు బిగించేటప్పుడు పటపటా తెగింది. వ్యాపారికి ఫోన్ చేస్తే "కళ్ళు లేనోళ్ళు చెప్పారని సరుకు వాపసు తీసుకోవాలా?" అని నవ్వాడు. డబ్బు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఆ గడప ఇక తొక్కను.

మిషన్ మీద అల్లిన రెడీమేడ్ చాప వాడమని చాలామంది చెప్పారు. ఫ్రేముకి గాడి తీసి, జిగురు పెట్టి నొక్కేస్తే సీటు తయారు. శాంపిల్ తెప్పించాను, నిద్ర కూడా పట్టలేదు. చేతి అల్లికలో చుట్టూ బెజ్జాలుంటాయి. నిలువు రెండు వరసలు, అడ్డం రెండు, ఐమూలగా రెండు. వేలితో తడిమి లెక్క పెట్టుకునే పని కాబట్టే చాలా దేశాల్లో అంధులకి ఇది నేర్పారు. చాప వాడితే మా షెడ్డులో గాడి మిషనుకి పని ఉంటుంది, చూపు లేని మా అల్లికవాళ్ళకి ఉండదు. శాంపిల్ తిప్పి పంపేశాను.

వికలాంగులకి పని ఇచ్చే ఇలాంటి షెడ్లకి కాలం చెల్లిందనే మాటా విన్నాను. యుద్ధంలో, గనుల్లో దెబ్బతిన్నవాళ్ళకి పని ఇవ్వడానికి బ్రిటన్ ప్రభుత్వం 1945లో రెంప్లాయ్ అనే సంస్థ పెట్టింది. మరుసటి ఏడు వేల్స్‌లోని బ్రిడ్జెండ్‌లో మొదటి ఫ్యాక్టరీ తెరిచారు. సబ్సిడీ భారమైంది, వికలాంగులని విడిగా కూర్చోబెట్టకుండా అందరితోపాటు ఉద్యోగాల్లో పెట్టాలన్నారు. 2013కల్లా ఆ ఫ్యాక్టరీలని మూసేశారు, కొన్ని అమ్మేశారు. ఆ వాదన తప్పనను. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. బడి మొహం చూడని మా పెద్దాయనకి అందులో ఏ ఉద్యోగం వస్తుంది? మనకి దగ్గర్లోనే, కాట్పాడిలో కుష్ఠు నయమైనవాళ్ళ కోసం 1963లో మొదలైన వర్త్ ట్రస్టు ఇప్పటికీ బ్రెయిలీ మిషన్లు తయారుచేస్తోంది. జాలిపడి ఎవరూ మిషన్లు కొనరు కదా.

వికలాంగుల పింఛను నెలకి 6,000 వస్తోందిగా, ఇంకా పనెందుకని అడిగినవాళ్ళూ ఉన్నారు. మీకు పింఛనొస్తే షాపు మూసుకుంటారా?

కొత్త పేము వేరేచోట బుక్ చేశాం, ధర ఎక్కువే. పాత ఆర్డర్లకి పాత రేటే. ఆగలేనివాళ్ళకి కుర్చీ, అడ్వాన్సు రెండూ ఇచ్చేస్తాం, ఫోన్ చేసి రండి. జిగురు సీటే కావాలంటే మాత్రం ఊళ్ళో వేరే షాపులున్నాయి.