వార్షిక నివేదిక 2024–25: సుగ్గికి పోయే ఇళ్లు, టీకా కార్డులు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన ఆదోని కాలనీలో చెట్లు నాటాం, వినాయక చవితి చేశాం, వీధిలైట్లకు అర్జీలు పెట్టాం (లైట్లు ఇంకా వెలగలేదు). ఎక్కువ రోజులు మాత్రం చంటిబిడ్డల టీకాలకే పోయాయి. ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

మొదట మన తప్పు. జులైలో "మూఢనమ్మకాలు వీడండి" అని ఫ్లెక్సీ కట్టి, పొద్దున పదకొండుకు అవగాహన సభ పెట్టాం. ఆ వేళకు తల్లులంతా కలుపు తీతకు పోయి ఉన్నారు. కుర్చీల్లో మనమే కూర్చున్నాం. దారిన పోతున్న ఒకావిడ ఫ్లెక్సీ చదివించుకుని, నమ్మకం లేక కాదప్పా, బుధవారం సూది వేయిస్తే గురువారం కూలి పోతుంది అనేసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రాత్రి ఏడు దాటాక ఇల్లిల్లూ తిరిగాం. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ సూది వేస్తారు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే క్రిమి) ఐదింటికీ అదొక్కటే. ఆ రాత్రి ఒళ్లు కాలి బిడ్డ ఏడిస్తే, ఆడుకునే బిడ్డను జ్వరాన పడేసుకొచ్చావని అత్త కోడలి మీద పడుతుంది. రెండో డోసు మాట కోడలు ఎత్తదు. అందుకే మేం అవ్వలతోనే మాట్లాడాం. జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని, ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సమ్మ) చెప్పినంతే పారాసిటమాల్ పోయాలని చెప్పాం. నా ఉద్దేశంలో మన ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, మనవడికి వేయించిన అవ్వ మాట ఒక ఎత్తు.

తట్టు వస్తే అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కడతారు. వాటి జోలికి మేం పోలేదు. పోయుంటే తలుపే తీసేవాళ్లు కాదు. 9 నెలలు నిండగానే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా, 16–24 నెలల మధ్య రెండోది వేయించమన్నాం, అంతే. అమ్మవారికి కోపమొస్తుందేమోనని ఒకవ్వ జంకితే, మన కమిటీ పెద్దమ్మ, మశూచి పోయినంక జాతర ఆగిందా ఏమి అనింది. (మన దేశంలో మశూచి లేదని 1977లోనే ప్రకటించారు.)

అసలు చిక్కు సుగ్గి, అంటే కూలి పనికి వలస పోవడం. సంక్రాంతి దాటితే మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలే కదులుతాయి, బిడ్డలు తల్లుల వెంటే. కార్డు మాత్రం ఇంట్లోనే. ఒకింట్లో పప్పు డబ్బా కింద నుంచి తీశారు, నూనె మరకకు తేదీలు చెరిగిపోయాయి. ఇంకొకరిది కన్నడ కార్డు, కాన్పు రాయచూరు పుట్టింట్లో మరి. ఏ ఊరి పీహెచ్‌సీలోనైనా ఉచితంగా వేస్తారని, డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదని చాలామందికి తెలీదు. కార్డులకు ఫోన్లో ఫోటోలు తీసి, ప్లాస్టిక్ కవర్లలో వేసి, బియ్యం మూటల్లో పెట్టించాం. కవర్ల ఖర్చు కోశాధికారి లెక్కలో ఉంది.

ఉర్దూ మాట్లాడే వీధుల్లో పని సరిగా సాగలేదు. ఆ ఇళ్ల ఆడవాళ్లెవరూ మన కమిటీలో లేరు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇద్దరి పేర్లు సూచించండి. సమావేశం ఈసారి రాత్రి ఎనిమిదికి.

– కార్యదర్శి