తెలియక అడిగిన పిల్లాడికి మీరు చెప్పిన సమాధానం

విజయవాడ, ఆటోనగర్
2025 అక్టోబర్ 6

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: మూడు ఫిర్యాదు నంబర్లు ఇచ్చి, మూడింటినీ మూసేసి, ఒక్కదానికీ జవాబు చెప్పకపోవడం గురించి.

అయ్యా,

ఇది మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందు మూడూ మెయిల్లో పంపాను. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది, అదీ మనిషి రాసింది కాదు. ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి కదా.

ఆటోనగర్‌లో పదహారేళ్లుగా కార్ల ఆడియో పని చేస్తున్నాను. నా కొట్టు ముందు మీ కంపెనీ బోర్డు పదకొండేళ్ల నుంచి ఉంది. ఉయ్యూరు నుంచి ఒక మాస్టారు నా దగ్గరికి వస్తుంటారు. ఆయన మీ వెబ్‌సైట్‌లోనే డబ్బు కట్టి ఒక ఫారడ్ సామర్థ్యం ఉన్న కెపాసిటర్, అంటే కరెంటు నిలవ చేసుకుని అవసరానికి ఒక్కసారిగా ఇచ్చేది, తెప్పించుకున్నారు. బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయని, దాన్ని మీ యాంప్ (యాంప్లిఫయర్) పక్కన పెట్టమని కారు నా దగ్గర వదిలి వెళ్లారు. ఆ రోజు నేను ఊళ్లో లేను. తెనాలిలో మా అక్క కూతురి పెళ్లి. కొట్లో పని నేర్చుకుంటున్న పిల్లాడు ఒక్కడే ఉన్నాడు. పందొమ్మిదేళ్లవాడు, చేరి రెండు నెలలు.

మీ డబ్బా మీద రెసిస్టర్ బొమ్మ ఉంది, కెపాసిటర్‌ను మొదటిసారి ఛార్జ్ చేసేటప్పుడు కరెంటు ఒక్కసారిగా దూకకుండా ఆపేది. లోపల రెసిస్టర్ లేదు. బిగించే పద్ధతి చెప్పే కాగితమూ లేదు. ఉన్న ఒక్క కాగితం వారంటీ కార్డు. ఎక్కడో ప్యాకింగ్‌లో పొరపాటు జరిగి ఉంటుంది, అది నేను అర్థం చేసుకోగలను. ఆ మాటకొస్తే, అక్కడితో అయిపోయి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. నా కొట్లో రెసిస్టర్లకు కొదవ లేదు.

పిల్లాడు ఏం చేశాడో వినండి. నేను నేర్పినట్టే చేశాడు. తెలియకపోతే చెయ్యి పెట్టకు, అడుగు అని రోజూ చెబుతాను. నాకు ఫోన్ చేస్తే బాజాల మోతలో నాకు వినపడలేదు. అందుకని మీ డబ్బా మీదున్న నంబరుకు చేశాడు. అరగంట ఆగాక మీ మనిషి ఎత్తాడు. కెపాసిటర్ ముందు ఛార్జ్ చేయాలంటారు కదా సార్, ఎలా చేయాలి అని అడిగాడు. మీ మనిషి చెప్పింది ఇది: "ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ డైరెక్ట్‌గా పెట్టేయండి. దానంతట అదే ఛార్జ్ అవుతుంది. ఏం కాదు."

వాడు అలాగే పెట్టాడు. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ తీయలేదు, ఎందుకంటే తీయమని మీవాళ్లు చెప్పలేదు. ఎర్త్ వైరు బిగించి, ఎర్ర వైరు చివరనున్న రాగి లగ్గును చేత్తో పట్టుకుని టెర్మినల్‌కు ఆనించాడు. ఖాళీగా ఉన్న ఒక ఫారడ్ కెపాసిటర్ బ్యాటరీకి ఆనగానే దాదాపు షార్ట్ సర్క్యూటే. వందల ఆంపియర్లు ఒక్కసారిగా లాగుతుంది. డిక్కీలో తెల్లటి మెరుపు వచ్చి, 60 ఆంపియర్ల ఫ్యూజ్ ఎగిరిపోయింది. లగ్గు అంచున రాగి కరిగి గసగసాలంత చుక్కలుగా కార్పెట్ మీద పడింది. వాటిలో ఒకటి వాడి చూపుడు వేలి మీద పడి చర్మంలోకి దిగింది. ఇంకో జానెడు పైకి ఎగిరి ఉంటే కన్ను. ఆ టెర్మినల్ స్క్రూ మీద పడిన గుంట ఇప్పటికీ అలాగే ఉంది, గోరు పెడితే తగులుతుంది. ఫోటో మీకు మూడుసార్లు పంపాను.

సాయంత్రం నేను వచ్చి మీకు ఫోన్ చేశాను. ఏడు వారాల కథ అక్కడ మొదలైంది.

తెలుగు కోసం 5 నొక్కమంది. నొక్కాను. హిందీలో మాట్లాడారు. నాకు హిందీ వచ్చు కాబట్టి సరే అనుకున్నాను. కెపాసిటర్ ఛార్జ్ చేసే రెసిస్టర్ డబ్బాలో లేదు, మీవాళ్లు చెప్పిన మాట విని పిల్లాడి చెయ్యి కాలింది అని చెప్పాను. అవతలి మనిషి అంతా విన్నట్టే విని, "ఛార్జర్ బాక్స్‌లో రాదు సార్, విడిగా కొనుక్కోవాలి. మీ ఛార్జింగ్ పిన్ ఏ టైపు?" అని అడిగాడు. ఆ మనిషి నా మాటల్లో ఛార్జ్ అన్న ఒక్క ముక్క పట్టుకుని సెల్‌ఫోన్ గురించి మాట్లాడుతున్నాడు. చెయ్యి కాలింది అన్న ముక్క ఆయన చెవికి ఎక్కనే లేదు.

రెండో ఆవిడ, వస్తువు వెనక్కి తీసుకుంటాం, ఉన్నది ఉన్నట్టు తీసి ఇప్పుడే ప్యాక్ చేసి పెట్టండి అంది. ఫ్యూజ్ పోయేలోపు అది ఛార్జ్ అయిందమ్మా, మీటరు పెడితే ఇంకా 11.8 వోల్టులు చూపిస్తోంది, ఖాళీ చేయకుండా ప్యాక్ చేస్తే టెర్మినళ్లకు ఏ పానానో తగిలితే మళ్లీ అదే మెరుపు కదా అన్నాను. "అది మా ప్రాసెస్‌లో లేదు సార్" అంది. చివరికి 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి రెండు టెర్మినళ్లకూ ఆనించాను. బల్బు వెలిగి, ఎర్రబడి, ఆరిపోయింది. మీ కంపెనీకి మీ వస్తువును క్షేమంగా పంపడానికి ఆ పని నేను చేశాను. మీ కొరియర్ కుర్రాడు రానేలేదు.

మూడో ఫోనులో, బిల్లు మీ పేరు మీద లేదు కాబట్టి మీతో మాట్లాడలేం అన్నారు. సరేనని మాస్టార్ని కాన్ఫరెన్స్‌లో కలిపాను. పాపం ఆయన బడిలో భోజనాల గంటలో, అన్నం పక్కన పెట్టి లైనులో కూర్చున్నారు. మీ పాట నలభై నిమిషాలు విన్నాం ఇద్దరం. ఆయన "గంట కొట్టేశారు, నేను వెళ్లాలి" అనగానే మీ మనిషి లైనులోకి వచ్చి, "ఇన్‌స్టాలేషన్ ఎవరు చేశారు సార్?" అని ఆయన్ని అడిగాడు. నా కొట్లోనే అన్నాను. అయితే వారంటీ వర్తించదు, సొంతంగా బిగించారు అన్నాడు. మీ బోర్డు నా కొట్టు మీద ఉందయ్యా, మీ డీలర్ల జాబితాలో నా పేరు ఉంది అంటే, మా సిస్టంలో కనపడటం లేదు అన్నాడు. పదకొండేళ్లు. ఆ మాట దగ్గర నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రే మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? రెండో ఫిర్యాదు పెట్టాను, రెండు రోజుల్లో మూసేశారు. కారణం, కస్టమర్ ఫోన్ ఎత్తలేదట. నా ఫోన్ నా జేబులోనే ఉంది, మీ దగ్గర్నుంచి ఒక్క మిస్డ్ కాల్ లేదు. మూడోది పెట్టాను. సూపర్‌వైజర్ 24 నుంచి 48 గంటల్లో మాట్లాడతారన్నారు. ఆ సూపర్‌వైజర్ కోసం నేను మూడు ఆదివారాలు ఫోన్ ఛార్జింగ్ తగ్గకుండా చూసుకున్నాను. డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళితే, సరుకు అమ్మడం వరకే నాది, మిగతాది కంపెనీతో చూసుకో అన్నాడు. కంపెనీకి చేస్తే డిస్ట్రిబ్యూటర్ని కలవమన్నారు.

వీళ్లందరిలో ఒక్క అమ్మాయి మాత్రం తెలుగులో, "అన్నా, దీని గురించి నాకు తెలీదు. తెలిసినవాళ్లకు రాసి పెడతాను" అంది. ఆ అమ్మాయి నిజం చెప్పింది. ఆరోజు మావాడితో మాట్లాడిన మనిషి కూడా ఆ ఒక్క మాటే, తెలీదు అని చెప్పి ఉంటే మావాడు ఆగిపోయేవాడు. ఆ అమ్మాయి రాసి పెట్టింది ఎవరి బల్ల మీద ఆగిపోయిందో మీరే చూడండి. ఆమెను మాత్రం ఏమీ అనకండి.

మీ ఫోన్లలో కూర్చునేవాళ్లకు ఇంత పెద్ద విషయం ఎవరూ నేర్పలేదా? నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. ముందు బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ తీయాలి. కెపాసిటర్‌ను యాంప్‌కు ఒకటిన్నర అడుగు లోపల గట్టిగా బిగించి, పెయింటు గీకిన బాడీకి ఎర్త్ వేయాలి, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా రెండుసార్లు చూసుకోవాలి, తారుమారైతే అది పగిలిపోగలదు. వైర్లన్నీ బిగిశాక ఫ్యూజ్ ఉండాల్సిన చోట రెసిస్టర్ పెట్టాలి. 30 ఓముల రెసిస్టర్ అయితే అర ఆంపియర్ కూడా దాటదు, రెండున్నర నిమిషాల్లో నిండుతుంది. వేడెక్కుతుంది కాబట్టి వేళ్లతో పట్టుకోకూడదు. రెసిస్టర్ లేకపోతే ఇండికేటర్ బల్బు చాలు, మొదట వెలిగి నెమ్మదిగా ఆరిపోతుంది. మీటరులో బ్యాటరీ ఎంత చూపిస్తే కెపాసిటరూ అంత చూపించాక రెసిస్టరో బల్బో తీసి ఫ్యూజ్ పెట్టుకోవాలి. ఇంతే. ఇది నేను అప్పుడే పిల్లాడికి నేర్పి ఉండాల్సింది, ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ వాడు అడిగింది తయారుచేసినవాళ్లను.

ఈ పదకొండేళ్లలో మీ యాంప్‌లు ఎన్ని బిగించానో నాకే లెక్క లేదు. సగం ధరకు వేరే సరుకు వస్తున్నా, వద్దండీ ఇది తీసుకోండి, కంపెనీ మాట మీద నిలబడుతుంది అని నా నోటితో చెప్పి అమ్మాను. నా మాట మీద కొన్నవాళ్లు ఇవాళ నన్ను అడుగుతున్నారు. ఆసుపత్రి బిల్లు 640 రూపాయలు, దానికోసం మీ ముందు చెయ్యి చాచడం లేదు. ఇచ్చినా మాట్లాడకుండా పంపితే తిప్పి పంపుతాను. మీ దగ్గర ఇది తెలిసిన ఇంజనీరు ఎవరో ఒకరు ఉంటారు. ఆయన మా పిల్లాడికి ఫోన్ చేసి, నీకు తప్పు చెప్పాం అని ఒప్పుకుని, ఎలా చేయాలో చెప్పాలి. డబ్బాల్లో రెసిస్టరూ, తెలుగులో కాగితమూ పెట్టాలి. ఇప్పటికే అమ్మిన డబ్బాల సంగతి కూడా చూడండి. మాస్టారి కెపాసిటర్ ఏం చేస్తారో ఆయన్ను అడిగి చేయండి.

లేదంటే, బిల్లు మాస్టారి పేరు మీదే ఉంది కాబట్టి ఫిర్యాదు ఆయనే వేస్తారు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, తర్వాత ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. ఆయన కొన్నది ఐదు లక్షల లోపు సరుకు కాబట్టి ఫీజు కూడా ఉండదు, ఆయన కాపురం ఉన్న జిల్లాలోనే వేయొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలో తేల్చాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ప్రమాదం జరగకుండా సరైన సూచనలు ఇవ్వని తయారీదారుది బాధ్యత అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్‌లో ఉంది. ఇవన్నీ మాస్టారే చదివి నాకు చెప్పారు. ఆ కాలిన స్క్రూ, కరిగిన లగ్గు, ఎగిరిన ఫ్యూజ్ మూడూ కవర్లో పెట్టి దాచాను. మీ బోర్డు కూడా ఈ నెలాఖరు వరకే ఉంటుంది. తర్వాత నేనే నిచ్చెన ఎక్కి దించుతాను, ఎందుకు దించానో అడిగిన ప్రతి కొట్టువాడికీ చెబుతాను.

నా నంబరు మీ మూడు ఫిర్యాదుల్లోనూ ఉంది. పొద్దున పదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా కొట్టు తెరిచే ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత చేస్తే ఆ పిల్లాడే ఎత్తుతాడు.

ఇట్లు,
ఆటోనగర్‌లోని మీ డీలరు,
మీ సిస్టంలో కనపడనివాడు