పాత ల్యాప్‌టాప్‌లలో లినక్స్ అప్‌డేట్: 2025వ సంవత్సరపు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనివేళల్లో అధిక భాగం సభ్యులు వాడుతున్న పాత ల్యాప్‌టాప్‌లలోని లినక్స్‌ను (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌డేట్ చేయడానికే సరిపోయింది. దీనికి ప్రధాన కారణం లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు యొక్క 20.04 వెర్షన్. 2020 ఏప్రిల్‌లో విడుదలై ఐదేళ్లపాటు భద్రతా సవరణలు అందుకున్న ఆ వెర్షన్‌కు 2025 మే నెలతో సాధారణ మద్దతు ముగిసింది. గడువు తీరిన తరువాత కూడా ల్యాప్‌టాప్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, ఉత్తరాలు టైపు చేసుకోవచ్చు, పాటలు వినవచ్చు; అందువల్ల కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు ఇక సవరణలు రావడం లేదన్న సంగతి వాడేవారికి తెలిసే వీలు తక్కువ. ఆ సంగతిని ప్రతి సభ్యునికీ చేరవేయడమే ఈ ఏడాది మన మొదటి పని అయింది.

అప్‌డేట్‌కూ అప్‌గ్రేడ్‌కూ ఉన్న తేడాను ప్రతి శిబిరంలోనూ వివరించవలసి వచ్చింది. ఉన్న వెర్షన్‌లోనే ప్యాకేజీలకు (ప్రోగ్రాముల కట్టలకు) సవరణలు తెచ్చుకోవడం అప్‌డేట్, అది రోజువారీ పని. వెర్షన్‌నే మార్చడం అప్‌గ్రేడ్, దానికి సన్నాహం కావాలి. ఉబుంటు దీర్ఘకాలిక మద్దతు వెర్షన్లలో ఒక మెట్టు వదిలి మరొక మెట్టుకు దూకడం కుదరదు. 18.04 దగ్గర ఆగిపోయిన ల్యాప్‌టాప్‌ను ముందు 20.04కు, అక్కడి నుంచి 22.04కు, ఆ తరువాతే 24.04కు తీసుకెళ్లాలి. ఒక్కో మెట్టు ఎక్కే ముందు అప్పటిదాకా వచ్చిన సవరణలన్నీ పూర్తిగా చేరి ఉండాలి. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని యంత్రానికి ఇన్ని మెట్లు ఎక్కించడం కంటే, ఫైళ్లు బ్యాకప్ తీసుకుని కొత్త వెర్షన్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయడమే తక్కువ శ్రమ అని మా అనుభవం. అప్‌గ్రేడ్‌కు వెంటనే వీలుపడని సభ్యులకు ఉబుంటు ప్రో నమోదు చేయించాం. వ్యక్తిగత వాడకానికి ఐదు యంత్రాల వరకు ఉచితంగా లభించే ఈ సేవ ద్వారా భద్రతా సవరణలు విడుదల నాటి నుంచి పదేళ్ల వరకు అందుతాయి.

ఒక పెద్దాయన ల్యాప్‌టాప్ గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. అప్‌డేట్ ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ ‘విడుదల ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అనే అర్థం వచ్చే సందేశంతో ఆగిపోయేది. బ్రౌజర్‌లో సురక్షిత సైట్లేవీ తెరుచుకునేవి కావు. సర్వర్ చిరునామాలు సరిచూశాం, నెట్‌వర్క్ మార్చి చూశాం, ఫలితం లేదు. చివరికి ఒక యువ సభ్యురాలు తెర మూలన ఉన్న తేదీని చూపించారు: అది చాలా ఏళ్ల వెనక ఉంది. మదర్‌బోర్డుకు అమర్చిన నాణెమంత బ్యాటరీ నిస్సారమైపోయి, ఆపిన ప్రతిసారీ గడియారం మొదటికి వెళ్తోంది. ఇంటర్నెట్ నుంచి సమయాన్ని సరిచేసుకునే ఏర్పాటును ఎప్పుడో ఎవరో ఆపి ఉంచారు. తేదీ సరిచేయగానే అప్‌డేట్ నడిచింది, ఆ తరువాత బ్యాటరీ కూడా మార్చాం. ఆ రోజు నుంచి శిబిరానికి వచ్చిన ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ మేము మొదట చూసేది తేదీనే.

మా వల్ల జరిగిన పొరపాటును కూడా సభ్యుల ముందుంచడం మా బాధ్యత. ఒక శిబిరంలో 20.04 నుంచి 22.04కు అప్‌గ్రేడ్ సగంలో ఉండగా వదులుగా ఉన్న ఛార్జర్ పిన్ను ఊడిపోయింది, పాత బ్యాటరీ రెండు నిమిషాలు కూడా నిలవలేదు. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. రికవరీ మోడ్‌లోకి వెళ్లి, సగంలో నిలిచిన ప్యాకేజీల అమరికను డీపీకేజీ ఆదేశంతో పూర్తి చేయించి, ప్యాకేజీల మధ్య తెగిన ఆధారాలను (డిపెండెన్సీలను) ఏపీటీ అనే మరో ఆదేశంతో సరిచేసేసరికి సాయంత్రమైంది. ఫైళ్లకు నష్టం జరగలేదు. కానీ అప్పటికి బ్యాకప్ తీసి ఉండకపోవడం మా తప్పు, అందుకు ఆ సభ్యురాలికి క్షమాపణ చెప్పుకున్నాం. ఇప్పుడు బయటి డిస్కులో బ్యాకప్ చూపించనిదే ఏ అప్‌గ్రేడూ మొదలుపెట్టకూడదని కార్యవర్గం తీర్మానించింది.

తరచుగా ఎదురైన మరో ఇబ్బంది బూట్ విభాగం (డిస్కులో యంత్రాన్ని తెరిచే ఫైళ్లుండే భాగం) నిండిపోవడం. హార్డ్‌డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవారికి (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా చేసుకున్నవారికి) ఈ విభాగం విడిగా, చిన్నదిగా ఉంటుంది. పాత కెర్నెళ్లు (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాములు) అందులో పేరుకుపోతే కొత్తది చేరడానికి చోటుండదు. వాటిని అక్కర తీరిన ప్యాకేజీలను తొలగించే ఆటోరిమూవ్ ఆదేశంతోనే తీయాలి. చేత్తో ఫైళ్లు తుడిచేసిన యంత్రాలను దారికి తేవడం మాకు చాలా కష్టమైంది కాబట్టి, ఇంట్లో ఆ ప్రయత్నం చేయవద్దని మనవి.

32 బిట్ (ఇప్పటి 64 బిట్‌కు ముందు తరం) యంత్రాల విషయం మనసుకు కష్టం కలిగించేది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 (డెబియన్ మరో రకం లినక్స్) వరకు వాటికి ఇన్‌స్టాలర్ ఉండేది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆ ఇన్‌స్టాలరూ లేదు, కెర్నెలూ లేదు. 32 బిట్ లినక్స్‌కు క్రోమ్ 2016లోనే సెలవు చెప్పగా, ఫైర్‌ఫాక్స్ ఈ ఏడాది 145వ వెర్షన్ నుంచి ఆపివేసింది. అయితే ఇందులో ఒక ఊరట ఉంది. 32 బిట్ లినక్స్ నడుస్తున్నంత మాత్రాన ప్రాసెసర్ కూడా 32 బిట్‌దే అనుకోనక్కరలేదు. ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్‌ఎస్‌సీపీయూ ఆదేశం ఇచ్చి చూస్తే, ఇక పనికిరావని పక్కన పెట్టిన వాటిలో కొన్నింటికి 64 బిట్ సామర్థ్యం ఉన్నట్టు తేలింది. వాటిలో 64 బిట్ డెబియన్‌ను ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఇచ్చాం. నిజంగా 32 బిట్ ప్రాసెసర్ ఉన్నవాటిని ఇంటర్నెట్‌కు దూరంగా, రాతపనికీ పాటలకూ మాత్రమే వాడుకోవాలని సూచించాం.

వేగం గురించి చాలామంది అడిగారు. తేలికైన డెస్క్‌టాప్ కొంత మేలు చేస్తుంది కానీ, పాత హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కు) పెట్టినప్పుడు కనిపించే మార్పు దానికి ఎన్నో రెట్లు.

వచ్చే ఏడాది శిబిరాలు యథావిధిగా కొనసాగుతాయి. అప్‌గ్రేడ్‌కు ముందు కొత్త వెర్షన్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వై ఫై, శబ్దం, తెర వెలుగు, మూత వేస్తే నిద్రలోకి వెళ్లడం అనేవి ఆ యంత్రంలో పనిచేస్తున్నాయో లేదో పరీక్షించే పద్ధతిని ఇకపై తప్పనిసరి చేస్తున్నాం. పాత వై ఫై కార్డులు, పాత గ్రాఫిక్స్ డ్రైవర్లు ఇబ్బంది పెట్టేది ఇక్కడే. సభ్యులు తమ ఛార్జర్‌ను, బ్యాకప్‌కు సరిపడా ఖాళీ ఉన్న డిస్కును, డిస్కు ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్‌ను మరచిపోకుండా వెంట తెచ్చుకోవాలి. ఉబుంటు 22.04 వాడుతున్నవారికి 2027లో మద్దతు ముగుస్తుంది కనుక, వారి అప్‌గ్రేడ్‌లను చివరి నెల దాకా ఆపకుండా 2026లోనే మొదలుపెట్టాలన్న ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ఆమోదం కోసం ఉంచుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి