వార్షిక నివేదిక: ఈ ఏడాది మన స్కోర్ల రికార్డు

మన గోల్ఫ్ క్లబ్ సభ్యులందరికీ నమస్తే. టోర్నమెంట్లు, కొత్తవాళ్ళకి క్లాసులు అన్నీ అనుకున్నట్టే జరిగాయి, వాటి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఈసారి కమిటీ ఎక్కువ టైమ్ పెట్టింది మాత్రం ఆడిన ప్రతి రౌండూ రికార్డులోకి ఎక్కించే పని మీదే.

2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో చివరి 20 రౌండ్ల డిఫరెన్షియల్స్ (కోర్స్ ఎంత కష్టమో చూసి స్కోరుని సరిచేసిన అంకెలు, తక్కువైతే మంచి ఆట) తీసుకుని వాటిలో బెస్ట్ 8కి సగటు కడితే అదే మన ఇండెక్స్. ఇది ఎంత ఎక్కువుంటే మ్యాచ్‌లో అన్ని ఎక్కువ స్ట్రోకులు రాయితీగా వస్తాయి. "చెడ్డ రౌండ్ ఎలాగూ బెస్ట్ 8లోకి రాదు కదా, ఎక్కించడం ఎందుకు" అని చాలామంది అడిగారు. వస్తుందా రాదా అన్నది కాదండీ, ఆ రౌండ్ ఎక్కితేనే పాత రౌండ్ ఒకటి 20లోంచి బయటికి పోతుంది, లేకపోతే ఎప్పుడో అదిరిపోయేలా ఆడిన రౌండ్ అలాగే కూర్చుని ఇండెక్స్‌ని కిందికి లాగుతూ ఉంటుంది, ఆ మనిషి మ్యాచ్‌లన్నీ ఓడిపోతూ ఉంటాడు. ఇక మంచి రౌండ్లు దాచి ఇండెక్స్ పెంచుకోవడమైతే తోటి ఆటగాళ్ళకి చేసే అన్యాయమే, ఇందులో మొహమాటం లేదు.

కార్డులు చెక్ చేస్తే ఎక్కువ తేడాలు వచ్చింది టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గరే. ఒక్కో టీ నుంచి కోర్స్ ఎంత కష్టమో చెప్పే అంకెలే రేటింగ్, స్లోప్. ఉదాహరణకి 92 కొట్టారనుకోండి, రేటింగ్ 71.2, స్లోప్ 128 ఉన్న టీ నుంచైతే డిఫరెన్షియల్ 18.4, అదే రేటింగ్ 69.0, స్లోప్ 113 ఉన్న టీ అని నొక్కేస్తే 23.0! కాబట్టి సేవ్ చేసేముందు టీ ఒక్కసారి చూసుకోండి ప్లీజ్.

రెండోది నెట్ డబుల్ బోగీ, అంటే ఒక హోల్‌లో హ్యాండిక్యాప్‌కి లెక్కయ్యే గరిష్ఠ స్కోరు: పార్‌కి 2, ఆ హోల్‌లో మీకొచ్చే రాయితీ స్ట్రోకులు కలిపితే వచ్చేది. పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్)లో బాల్ రెండుసార్లు నీళ్ళలో పడి 10 అయింది, ఆ హోల్‌లో మీకు ఒక స్ట్రోక్ వస్తుంది, అప్పుడు హ్యాండిక్యాప్‌కి లెక్కయ్యేది 4+2+1, అంటే 7 మాత్రమే. టోటల్ ఒక్కటే ఎక్కిస్తే ఇది మీరే తగ్గించుకోవాలి, అందుకే హోల్ హోల్‌కీ ఎక్కించమని బతిమాలుతున్నాం.

ఆడిన రోజే పోస్ట్ చేయండి. గాలి, వాన వల్ల కోర్స్ కష్టమైందా అన్నది ఆ రోజు వచ్చిన స్కోర్లని బట్టే సిస్టమ్ తేలుస్తుంది, దానికి కనీసం 8 స్కోర్లు ఉండాలి. వచ్చే ఏడాది నుంచి మార్కర్ (మీ స్కోరు రాసే తోటి ఆటగాడు) సంతకం లేని కార్డు మన పోటీల్లో తీసుకోం.