గేటు ముందు పడవ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం మన గేటు ముందు లారీ నిలబడి అరగంట ట్రాఫిక్ ఆగిపోయింది. అందులోంచి ఒక పాత చెక్క పడవ దిగింది. తొమ్మిదో తరగతి పిల్లల యూనిఫాంలకు తారు అంటుకుంది. ఇవన్నీ నేను చెప్పకముందే వాట్సాప్ గ్రూపులో చదివేశారు. ట్రాఫిక్ విషయంలో తప్పు నాదే, ఆదివారం తెల్లవారుజామున దింపించాల్సింది. తారు సంగతి వేరు. పాత బట్టలు వేసి పంపమని రెండు వారాల ముందే డైరీలో రాయించాను. సంతకం పెట్టి పంపింది ఆరుగురు. రాత్రి పదకొండున్నరకు గ్రూపులో ఫోటోలు పెట్టే ఓపికలో కాస్త డైరీకి కూడా మిగిల్చండి. మరక మీద కొబ్బరినూనె రాసి, కాసేపాగి సబ్బుతో ఉతికితే పోతుంది.

"కొండ కింది ఊళ్లో పడవేంటి మేడమ్?" అని కొందరు అడిగారు. 2022 ఏప్రిల్‌లో మన తిరుపతి కొత్త జిల్లాగా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట వైపంతా అందులో కలిసింది. అలా మనకు సముద్రం వచ్చింది, పులికాట్ సరస్సు వచ్చింది. ఈ పడవ ఆ ఒడ్డునే పనికిరాదని బోర్లా పడేసి ఉంది. అంత దూరం ఎందుకు, ఏటా తెప్పోత్సవానికి పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వెళ్తాం కదా! తెప్ప అంటే ఏమిటని ఏడో తరగతిలో అడిగితే "దేవుడు కూర్చునేది" అన్నారు. దుంగలు పక్కపక్కన కట్టి జాలరి అలల మీదికి తోసుకుపోయేది కూడా తెప్పేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మన కోస్తాలో ఒకప్పుడు మేకు కొట్టకుండా పడవలు కట్టారు. పలకలకు బెజ్జాలు వేసి కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. ఒడ్డున అల ఎత్తి ఇసుక మీద కొట్టినా కుట్టుపడవ కాస్త వంగి తట్టుకునేది. మేకులు బిగించిన పడవైతే పగిలేది. రెండు తెరచాప స్తంభాల ఓడను నాణెం మీద అచ్చు వేయించుకున్నారు శాతవాహనులు! మనమో, విశాఖ బీచ్‌లో కుర్సురా ముందు సెల్ఫీ దిగి వస్తాం. ఆ జలాంతర్గామి సోవియట్ వాళ్లు కట్టింది. అదే విశాఖలో మనవాళ్లు కట్టగా 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి వదిలిన 'జల ఉష' ఓడ పేరు ఎంతమందికి తెలుసు? నాకూ నలభై ఏళ్లు దాటాకే తెలిసింది. అందుకే ఈ పడవను ల్యాబులో పెట్టలేదు. అక్కడ పెడితే ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే దుమ్ము దులుపుతాం. వీధిలో ఉంటే పూలమ్మే అమ్మ చూస్తుంది, ఆటోవాళ్లు చూస్తారు. నిన్న ఒక యాత్రికుల కుటుంబం పావుగంట నిలబడి చూసింది.

ఇక మన పిల్లలు! ఒక పలక అతుకు పక్కనే ఇంకో పలక అతుకు ఎందుకు లేదని ఎవరూ అడగకముందే ఒక అమ్మాయి అడిగింది. "ఇటుక గోడ కూడా అంతే కదా మేడమ్" అని జవాబూ తనే చెప్పింది. వాళ్ల తాత వడ్రంగి. లెక్కల్లో పాస్ మార్కులకు తంటాలు పడే చివరి బెంచీ అబ్బాయి పడవ లోపలి పక్కబద్దలన్నీ జానలతో కొలిచి, టేపుతో సరిచూసి బొమ్మ గీశాడు. ఆ బొమ్మ నా గదిలో ఉంది. పెద్దవాళ్లయ్యేదాకా ఇవ్వను.

ఫీజు గడువు 10వ తేదీ, రెండో శనివారం సెలవు, పరీక్షల టైంటేబుల్ డైరీలో ఉంది (మళ్లీ డైరీయే). టిఫిన్ తినకుండా వచ్చి ప్రార్థనలో కళ్లు తిరిగి పడేవాళ్లు ఈ నెల నలుగురయ్యారు. చిప్స్ ప్యాకెట్ టిఫిన్ కాదు.

రోజూ సాయంత్రం నాలుగుంపావు నుంచి ఐదింటిదాకా ఇద్దరు పిల్లలు పడవ దగ్గర ఉంటారు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు హారన్ కొట్టకుండా దిగి, వాళ్లను ఏదైనా ఒక ప్రశ్న అడగండి. స్కూటర్లు మాత్రం పడవకు ఆనించి పెట్టకండి. సోమవారమే ఒక పలక ఊడింది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు