వీధి తలుపుకు తాళం, పెరటి తలుపుకు మినహాయింపు

సంపాదకులకు నమస్కారం.

ఇంటి నుంచి పనిచేసేవారి అజాగ్రత్త వల్లే కంపెనీల కంప్యూటర్లలోకి దొంగలు జొరబడుతున్నారంటూ గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి కాఫీ తాగుతూ చదివాను కాబట్టి కొంత చిరాకు ముందే ఉంది; వ్యాసం పూర్తయ్యేసరికి అది రెట్టింపయింది. అందులో ఉన్నవన్నీ తప్పులని అనను. కానీ నేరమంతా ఉద్యోగి నెత్తిన పెట్టి, పాస్‌వర్డు నెలనెలా మార్చుకోండి, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఇంటర్నెట్ మీదుగా వేసే రహస్య దారి) వాడండి అని రెండు చిట్కాలతో చేతులు దులుపుకోవడం బాగాలేదు. ఎవరు, ఏ కంప్యూటర్‌తో, ఏ వేళలో, ఎంతవరకు లోపలికి రావచ్చో నిర్ణయించే సెట్టింగులు ఉద్యోగి పెట్టుకోడు. వాటిని పెట్టేది నాలాంటివాళ్లం. తప్పుల్లో మా వాటా ఎంతో ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను.

విశాఖపట్నంలో ఒక మధ్యతరహా సంస్థలో పద్నాలుగేళ్లుగా నెట్‌వర్క్ పని చూస్తున్నాను. అమెరికా ఆసుపత్రుల బిల్లులు, బీమా క్లెయిములు మా పని. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఊరిని ఊపేసినప్పుడు ఆఫీసు అద్దాలు పగిలి, కరెంటు లేక రోజుల తరబడి పని ఆగింది. బయట ఉండి కూడా ఆఫీసు సర్వర్లను అందుకునే దారి ఉండాలని అప్పుడు తెలిసివచ్చి, పది మందికి వీపీఎన్ పెట్టాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే ఆ పది మంది దారిలోకే నూట నలభై మందిని ఎక్కించాం. దారిని వెడల్పు చేశామే గాని, కాపలా మాత్రం పది మందికి సరిపోయేదే ఉంచాం.

గత ఏడాది వానాకాలంలో ఒక రాత్రి జరిగింది చెబుతాను. మా బిల్లింగు విభాగంలో ఒక అమ్మాయి నర్సీపట్నం దగ్గరి పల్లెలో ఉంటుంది. రాత్రి పదకొండు దాటాక గాలివానకు కరెంటు పోయి, వైఫై పెట్టె ఆగి, ఆఫీసుతో లంకె తెగింది. పావుగంటకు కరెంటు వచ్చింది. తిరిగి లోపలికి రావాలంటే పాస్‌వర్డుతో పాటు ఫోనులోని యాప్ చూపే ఆరంకెల సంఖ్య కొట్టాలి. కొట్టింది. తప్పు అంది తెర. మళ్లీ కొట్టింది, మళ్లీ తప్పే. మూడోసారికి ఖాతాకు తాళం పడిపోయింది. మూడు తప్పులకు తాళం అన్న నియమం పెట్టింది నేనే. ఆ తాళం తీసే మనిషి ఉదయం తొమ్మిదికి గాని రాడన్న సంగతి మరచిపోయిందీ నేనే. ఆమెకు ఆ రాత్రి జీతం కోశారు.

మరునాడు ఆమె ఫోను పట్టుకుని బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. యాప్‌లో లోపమేమీ లేదు. ఆ సంఖ్య ముప్పై సెకన్లకొకసారి మారుతుంది. ఫోనులో దాచి ఉంచిన రహస్య సంకేతాన్నీ, అప్పటి సమయాన్నీ కలిపి లెక్కగడితే వచ్చే సంఖ్య అది. ఇదే లెక్క ఇక్కడ మా సర్వరు కూడా కడుతుంది. రెండు గడియారాలూ ఒకేలా నడిస్తేనే రెండు సంఖ్యలూ కలుస్తాయి. కొద్ది సెకన్ల తేడా అయితే సర్వరు చూసీచూడనట్టు ఊరుకుంటుంది. ఆమె ఫోను ఏడు నిమిషాలు ముందుంది. ఎవరు మార్చారమ్మా అని అడిగాను. "నాన్నగారు మేడమ్. బస్సు తప్పిపోకూడదని ఇంట్లో గడియారాలన్నీ కాస్త ముందుకు పెడతారు. సాయంత్రం నేను పనిలో కూర్చున్నాక ఫోను తీసుకుని దాన్నీ సరిచేశారట" అంది. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మా ఇంట్లో గోడ గడియారం కూడా ఎనిమిది నిమిషాలు ముందే ఉంటుంది. తాళం పడ్డాక అరగంటకు దానంతట అదే తెరుచుకునే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఒక్క గడిలో 30 అని అంకె వేస్తే చాలు. నేను వేయలేదు. ఇప్పుడు వేశాను. రాత్రిళ్లు మేమూ వంతులవారీగా కూర్చుంటున్నాం.

ఇంకొక గడి సంగతి. కీబోర్డు ముట్టకుండా పదిహేను నిమిషాలు గడిస్తే లంకె తెగిపోవాలని పెట్టాను. పుస్తకంలో చూస్తే చక్కని నియమమే. మా వాళ్ల పని ఏమిటో చూస్తే మాత్రం మూర్ఖపు నియమం. క్లెయిము ఎందుకు తిరస్కరించారని అమెరికా బీమా కంపెనీకి ఫోను చేస్తే, అవతల మనిషి దొరికేదాకా నలభై నిమిషాలు కూడా సంగీతం వింటూ కూర్చోవలసి వస్తుంది. తీరా మనిషి పలికే వేళకు ఇక్కడ తెర మీద రోగి వివరాలు మాయం. నాలుగైదు నెలల తరువాత ఒక కుర్రవాడి ఇంటికి లాప్‌టాప్ మార్చడానికి వెళ్లాను. అతని మౌస్ ఒక చేతి గడియారం మీద కూర్చుని ఉంది. సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్ కదిలినట్టు కంప్యూటర్ భ్రమపడుతుందట! విభాగంలో సగం మందికి ఈ చిట్కా తెలుసు. అంటే, మనిషి లేచి వెళ్లినా వాళ్ల లాప్‌టాప్‌లు తెల్లవార్లూ తెరిచే ఉన్నాయన్నమాట. నేను బిగించిన మర వల్ల భద్రత పెరగలేదు, తగ్గింది. తరువాత తెర తాళం పది నిమిషాలకూ, ఆఫీసు లంకె షిఫ్టు మొత్తానికీ విడివిడిగా పెట్టాను. తెర తాళం తీయడానికి వేలిముద్ర చాలు. గడియారాలు మళ్లీ చేతికెక్కాయి.

ఇక ఈ ఉత్తరం రాయించిన అసలు విషయానికి వస్తాను. 2021లో మా సంస్థ పెద్ద ఒకరు విమానాశ్రయం నుంచి ఫోను చేసి, "ఈ ఆరంకెల గొడవ నాకొద్దు, ఇవాళ్టికి తీసేయండి" అన్నారు. రెండో తనిఖీ అడగకుండా లోపలికి పంపే ఒక గుంపును తయారుచేసి, దానికి 'తాత్కాలికం' అని పేరు పెట్టి, అందులో ఆయన్ని వేశాను. మన దగ్గర తాత్కాలిక షెడ్లకు ఉన్నంత ఆయుష్షు పక్కా భవనాలకు ఉండదు కదా. ఆయన వెనక ఆయన కార్యదర్శి, తరువాత డైరెక్టర్లు, ఆపైన లెక్కలు చూసే ఆడిటర్ మనుషులు, సీసీ కెమెరాలు బాగుచేసే అతను. 2023 చివరికి అందులో 23 పేర్లు. నలుగురు అప్పటికే ఉద్యోగం మానేసినవారు.

ఒక సోమవారం ఉదయం, ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో నమోదయ్యే చిట్టాలు తిరగేస్తుంటే, పద్నాలుగు నెలల కిందట మానేసిన ఒకతని ఖాతా ముందురోజు తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకు లోపలికి వచ్చినట్టు కనిపించింది. మా వాళ్లెవరూ గడప తొక్కని దేశం నుంచి. పదకొండు నిమిషాలు ఉండి, ఫైళ్ల సర్వరు తలుపు నాలుగుసార్లు తట్టి వెళ్లిపోయింది. ఆ సర్వరు హక్కుల జాబితాలోంచి అతని పేరు ఎవరో ఎప్పుడో వేరే పని మీద తీసేశారు కాబట్టి తలుపు తెరుచుకోలేదు. దీన్ని నా ప్రతిభ అనలేను. అతనికి ఫోను చేస్తే బెంగళూరులో కొత్త ఉద్యోగంలో ఉన్నాడు. ఏదో షాపింగ్ సైటులోనూ ఇక్కడా ఒకటే పాస్‌వర్డు పెట్టుకున్నాడట. అతన్ని ఏమనగలను? అతను మానేసిన రోజునే జీతం ఆపాలని లెక్కల విభాగానికి కాగితం వెళ్లింది. ఖాతా ఆపాలని మాకు ఏ కాగితమూ రాలేదు, మేమూ అడగలేదు.

ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లోగా తమకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. తెలియజేశాం. మన దేశంలోనే 180 రోజుల చిట్టాలు భద్రపరచాలని కూడా అవే ఆదేశాలు చెబుతున్నాయి. అక్కడ దొరికిపోయాం. మా వీపీఎన్ పెట్టెలో చిట్టాలు దాచే డిస్కు చిన్నది. నిండగానే పాతవాటి మీద కొత్తవి రాసుకుపోయే సెట్టింగు దానితో వచ్చిందే, దాన్ని ఎవరూ ముట్టలేదు. తీరా చూస్తే 21 రోజుల చిట్టాయే మిగిలింది. అంతకుముందు ఆ దొంగ ఎన్నిసార్లు వచ్చి వెళ్లాడో ఈనాటికీ చెప్పలేను. సర్వర్ల గడియారాలన్నీ ప్రభుత్వ కాలమానంతో కలిసి నడవాలన్న నియమం కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. మొదట చదివినప్పుడు ఇదేం పట్టింపు అనుకున్నాను. రెండు సర్వర్ల చిట్టాలు పక్కపక్కన పెట్టి ఏది ముందు జరిగిందో తేల్చుకోవలసి వచ్చిన రోజున అర్థమైంది.

పెద్ద పెద్ద సంస్థల కథా ఇదే. 2021 మేలో అమెరికా తూర్పు తీరానికి పెట్రోలు పంపే కలోనియల్ పైప్‌లైన్ మూతపడింది. దొంగలు దూరింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతా నుంచి. దానికి రెండో తనిఖీ లేదు. సుమారు 44 లక్షల డాలర్లు దొంగలకు సమర్పించుకున్నారు. 2024 ఫిబ్రవరిలో, ఆసుపత్రులకూ బీమా కంపెనీలకూ మధ్య క్లెయిములు నడిపే ఛేంజ్ హెల్త్‌కేర్ మీద పడ్డ దెబ్బకు అమెరికాలో క్లెయిముల చెల్లింపులు వారాల తరబడి స్తంభించాయి. మా వృత్తిలో ఉన్నవారెవరూ ఆ నెలలను మరచిపోలేరు. దొంగిలించిన పాస్‌వర్డుతో, రెండో తనిఖీ లేని ఒక రిమోట్ ద్వారం గుండా వచ్చారని దాని మాతృసంస్థ అప్పటి అధిపతి ఆండ్రూ విట్టీ అక్కడి చట్టసభ ముందు చెప్పారు. 2 కోట్ల 20 లక్షల డాలర్లు కట్టారు. వీపీఎన్ ఉంటే చాలన్న మీ వ్యాసకర్త ఈ రెండు సంగతులూ ఒకసారి చూడాలి. వీపీఎన్ కూడా ఒక తలుపే. తలుపు ఉన్నంత మాత్రాన ఇంటికి గడియ పెట్టినట్టు కాదు.

నెలనెలా పాస్‌వర్డు మార్పించే పద్ధతి మేమూ ఐదేళ్లు నడిపాం. ఒకసారి ఒకరి బల్ల మీద చీటీ చూశాను. 'వైజాగ్@జనవరి' కొట్టివేసి 'వైజాగ్@ఫిబ్రవరి' అని రాసి ఉంది. మార్చిలో ఏమి రాస్తారో దొంగకు ఒకరు చెప్పాలా? కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దనీ, బయటపడిందన్న ఆధారం ఉంటే అప్పుడే మార్పించమనీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. మేము ఆ గడువు తీసేసి, పాస్‌వర్డు పొడవు పెంచాం. ఇప్పుడు చాలామంది నాలుగైదు తెలుగు మాటలు కలిపి పెట్టుకుంటున్నారు. అవేమిటో నేను అడగను.

మా వీధిలో ఆడిటర్ గారి ఆఫీసుంది. ఇంటి నుంచి ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) చూసుకోవాలని, ఎవరో కుర్రవాడి చేత రూటర్‌లో 3389 పోర్టు నేరుగా ఇంటర్నెట్‌కు తెరిపించుకున్నారు. విండోస్ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ద్వారం అది. ప్రపంచంలో ఎక్కడ తెరిచి ఉన్నా తట్టి చూసే యంత్రాలు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. నేను చెప్పగానే ఆయన పోర్టు నంబరు మార్పించారు, పోర్టు మూయించలేదు. ఇంటి నంబరు పలక మార్చి తాళం వేశాననుకునే మనిషికి ఏమి చెప్పాలో తెలియక ఒక ఆదివారం నేనే వెళ్లి మూసి, చిన్న వీపీఎన్ పెట్టి వచ్చాను. పిల్లల చదువుల గురించి మాట్లాడుతూ మినపసున్ని పెట్టారు.

మా 'తాత్కాలికం' గుంపు ఇప్పుడు లేదు. మినహాయింపు కావలసినవారికి ఎనిమిది గంటలు ఇస్తాం. గడువు కాగానే దానంతట అదే రద్దవుతుంది, నేను గుర్తుపెట్టుకోవలసిన పని లేదు. విమానాశ్రయం నుంచి ఫోను చేసిన పెద్దాయనకు చిన్న యూఎస్‌బీ తాళం కొనిచ్చాం, కంప్యూటర్‌కు గుచ్చితే అదే రెండో తనిఖీ. కారు తాళాల గుత్తికి తగిలించుకుని తిరుగుతున్నారు, ఆరంకెల గొడవ లేదు. ఉద్యోగం మానేసినవారి పేరు జీతాల పట్టికలోంచి తీసిన మరుక్షణం ఖాతా మూతపడేలా రెండింటినీ కలిపాం. ఉద్యోగుల సొంత లాప్‌టాప్‌ల సంగతి మాత్రం ఇంకా తెగలేదు. పాత విండోస్ ఉన్నవాటిని రానివ్వకుండా ఆపే సెట్టింగు నా దగ్గర ఉంది. ఆ మీట నొక్కితే రేపటి నుంచి ముప్పై ఎనిమిది మందికి పని ఉండదు. సంస్థ వాళ్లకు లాప్‌టాప్‌లు కొనివ్వాలి. కొనవలసిన చోట సెట్టింగులతో సరిపెట్టమంటే నా వల్ల కాదని రెండుసార్లు రాసి ఇచ్చాను.

మీ విలేకరులకు ఒక మనవి. ఇకపై ఏదైనా సంస్థలో చొరబాటు జరిగిందని రాసేటప్పుడు, రెండో తనిఖీ అందరికీ ఉందా, ఎవరెవరికి మినహాయించారు, దొంగ వాడిన ఖాతా మనిషి అప్పటికి ఉద్యోగంలో ఉన్నాడా అని అడిగి రాయండి. 'ఉద్యోగుల నిర్లక్ష్యం' అన్న మాట ఆ జవాబులు వచ్చాక వేసుకోవచ్చు.

నర్సీపట్నం అమ్మాయికి కోసిన ఆ ఒక్క రాత్రి జీతం తిరిగి ఇప్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది. నా పేరు ప్రచురించవద్దు. మా పెద్దాయన మీ పత్రిక చందాదారు.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఉద్యోగిని,
విశాఖపట్నం