ఓవర్‌క్లాకింగ్ వ్యాసంలో వోల్టేజీ హద్దు ఏది?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ మీద, అంటే దాన్ని కంపెనీ పెట్టిన స్పీడు కన్నా వేగంగా నడిపించడం మీద, వచ్చిన వ్యాసాన్ని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఫోన్లలో ఫొటో తీసి తెచ్చి చూపిస్తున్నారు. "సార్, మా సిస్టమ్‌కీ ఇలా చేసి పెట్టండి" అని అడుగుతున్నారు. కంప్యూటర్లు బిగించడం, పాడైనవి బాగుచేయడం నా వృత్తి. ఓవర్‌క్లాకింగ్ అంటే నాకు పడదని అనుకోకండి, నాకూ సరదాయే. నా పేచీ వేరు. స్పీడుని నిర్ణయించే గుణకం, అదే మల్టిప్లయర్, ఎలా పెంచాలో బొమ్మలతో సహా వివరించిన మీ రచయిత, "సిస్టమ్ ఆన్ కాకపోతే వోల్టేజీ కొంచెం పెంచండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ కొంచెం ఎంతో చెప్పలేదు. పెంచిన తర్వాత ప్రాసెసర్ లెక్కలు సరిగ్గా చేస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుందో అసలే రాయలేదు. నన్నడిగితే మల్టిప్లయర్‌కి రెండు వాక్యాలు చాలు, మిగతా వ్యాసమంతా ఈ రెండింటికే ఇవ్వాలి.

బేస్ క్లాక్ అనే మూల స్పీడుని మల్టిప్లయర్‌తో హెచ్చిస్తే ప్రాసెసర్ స్పీడు వస్తుంది. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 50 అయితే స్పీడు 5 గిగాహెర్ట్జ్. 51 చేస్తే 5.1. అంతవరకూ ఎక్కాలు వస్తే చాలు. కానీ ప్రాసెసర్ తినే కరెంటు స్పీడుతో పాటు, వోల్టేజీ వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. 1.2 వోల్టుల దగ్గర నడిచేదాన్ని 1.32కి తెస్తే పెరిగింది 10 శాతమే కదా అనిపిస్తుంది. దాంతోపాటు స్పీడు కూడా 10 శాతం పెంచితే ఖర్చయ్యే పవర్ 33 శాతం దాకా పెరుగుతుంది. అదంతా వేడిగా మారి కూలర్ నెత్తిన పడేదే.

నిజానికి వేడి గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. ఇప్పటి చిప్‌లు ఆ విషయంలో తెలివైనవి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరుసలో ఎక్కువ భాగం 95 దగ్గర వాటంతటవే స్పీడు తగ్గించుకుంటాయి. వోల్టేజీ విషయంలో అంత కాపలా లేదు. బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో మాన్యువల్‌గా ఎంత టైపు చేస్తే దాదాపు అంతా ఇచ్చేసే బోర్డులు ఉన్నాయి. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి కలిసినప్పుడు చిప్ లోపలి సన్నటి లోహపు తీగల్లో పరమాణువులు మెల్లగా చోటు మారతాయి. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. చెద పట్టిన వాసంలా పైకి ఏమీ కనిపించదు. కొన్నాళ్లకి, నిన్నటిదాకా నడిచిన స్పీడుకే సిస్టమ్ హ్యాంగ్ అవడం మొదలవుతుంది.

ఇది పాతకాలపు భయం కాదు. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌తో సహా కాలిపోయాయి. ఎస్ఓసీ వోల్టేజీ (చిప్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి అందేది) మితిమీరడమే కారణమని తేలాక ఏఎమ్‌డీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టింది. ఆ మరుసటి ఏడు ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌ల గొడవ వచ్చింది. అవసరాన్ని మించి వోల్టేజీ అడుగుతూ అవి దెబ్బతింటున్నాయని గుర్తించి, 2024 ఆగస్టులో 1.55 వోల్టులు దాటకుండా ఆపే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాముకి సవరణ) విడుదల చేశారు. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లు దానితో బాగుపడవని కూడా చెప్పారు, వారంటీ రెండేళ్లు పొడిగించారు. మల్టిప్లయర్ ముట్టుకోని చిప్‌లకే వోల్టేజీ ఇంత పని చేసినప్పుడు, "కొంచెం పెంచండి" అన్న సలహా ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇక పరీక్ష సంగతి. ఆన్ అయింది, గేమ్ ఆడింది, కాబట్టి అంతా బాగుందనుకోవడమే అసలు తిప్పలు తెచ్చేది. ఒక విద్యార్థి ఈ మధ్య ఓవర్‌క్లాక్ చేసి తెచ్చిన సిస్టమ్ అలాంటిదే. గేమ్‌లు హాయిగా నడుస్తున్నాయి. పెద్ద జిప్ ఫైళ్లు విప్పితే మాత్రం, లోపలి డేటా సరిపోలడం లేదని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్. డిస్కు పోయిందనుకుని కొత్త ఎస్ఎస్‌డీ వేయించాడు, విండోస్ మళ్లీ ఎక్కించాడు, ఎర్రర్ పోలేదు. ప్రాసెసర్‌తో బరువైన లెక్కలు చేయించి పరీక్షించే ప్రైమ్95 పెట్టి చూశాను. కోర్లకు ఒక్కో కిటికీ తెరుచుకుని వరుసలు నింపుతూ పోతున్నాయి. కాసేపటికి వాటిలో ఒకటి మాత్రం ఆగింది. "రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దాన్ 0.4" అని కింద ఒక లైను. మౌస్ కదులుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, బ్లూ స్క్రీన్ లేదు, పక్క కిటికీలు ఏమీ పట్టనట్టు లెక్కలు చేసుకుంటూనే ఉన్నాయి. అంటే ఒక కోర్ తప్పు లెక్క చేస్తోంది, విండోస్‌కి ఆ ఊసే లేదు. బయోస్‌ని డిఫాల్ట్‌కి తెచ్చాక కొత్తగా దించుకున్న జిప్‌లు చక్కగా విచ్చుకున్నాయి. ఆ స్పీడులో అతను తన ప్రాజెక్టు దాచుకున్న జిప్‌లు కొన్ని మాత్రం ఇక విచ్చుకోలేదు. అవి చెడ్డది కుదించేటప్పుడే.

అందుకే మొదలుపెట్టకముందే ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోమంటాను. బోర్డు మీద, బయోస్ సెట్టింగులని చెరిపి మొదటికి తెచ్చే క్లియర్ సీమాస్ పిన్నులు ఎక్కడున్నాయో కూడా ముందే చూసి పెట్టుకోవాలి. స్క్రీన్ నల్లగా మారాక మాన్యువల్ వెతుక్కోవడం నరకం.

తర్వాత ఏమీ మార్చకుండానే ఫుల్ లోడ్ పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజీ, ఉష్ణోగ్రత ఎంత వస్తున్నాయో రాసుకోవాలి. అప్పటికే 90 దాటుతుంటే అక్కడితో ఆపేసి, కూలర్, థర్మల్ పేస్ట్ సంగతి చూసుకోండి. ర్యామ్‌ని పెంచిన స్పీడులో నడిపే ఎక్స్ఎమ్‌పీ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంచండి, లేకపోతే తప్పు ప్రాసెసర్‌దో ర్యామ్‌దో తేలదు. వోల్టేజీని ఆటోకి వదిలేస్తే, మల్టిప్లయర్ పెరిగే కొద్దీ అడగకుండానే దండిగా ఎక్కించే బోర్డులు చాలానే ఉన్నాయి. కాబట్టి రాసుకున్న అంకె దగ్గరే దాన్ని కట్టేసి, మల్టిప్లయర్ ఒక్కో మెట్టు పెంచుతూ ప్రతిసారీ పరీక్షించాలి. వోల్టేజీ పెంచితే తప్ప నిలవని చోటు వచ్చిందంటే ఒక మెట్టు దిగి ఆగిపోవడమే నా పద్ధతి. లోడ్ పడినప్పుడు వోల్టేజీ జారకుండా చూసే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ని పై మెట్టుకి తోయకండి. లోడ్ హఠాత్తుగా తగ్గిన క్షణంలో వోల్టేజీ ఎగిరి పడుతుంది, మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎగుడు కనపడను కూడా కనపడదు.

చివరి పరీక్ష పది నిమిషాలది కాదు, రాత్రంతా నడవాలి. అది నెగ్గాక కూడా కొన్నాళ్లు విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ పేరుతో 19వ నంబరు హెచ్చరికలు పడుతున్నాయేమో చూస్తుండాలి. హార్డ్‌వేర్ తప్పు చేసి సర్దుకుందని దాని అర్థం. పని ఆగలేదు కదా అని ఊరుకుంటే, రేపు సర్దుకోలేని తప్పు చేస్తుంది.

ఇంతా చేస్తే దక్కేదెంత? 1998లో సెలెరాన్ 300ఏ కొన్నవాళ్లు బస్ స్పీడు 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చి, 300ని 450 చేసేశారు. 2011లో వచ్చిన కోర్ ఐ7 2600K 3.4 గిగాహెర్ట్జ్‌ది, మంచి కూలర్ ఉంటే 4.5 దగ్గర నడిచేది. ఇప్పుడు ఆ మిగులును కంపెనీలే బూస్ట్ పేరుతో ముందే పిండేస్తున్నాయి. కోర్ ఐ9 14900K డబ్బాలోంచి తీస్తూనే 6 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. మనకి మిగిలేది చాలాసార్లు కొద్ది శాతమే. ఇంటెల్‌లో పేరు చివర 'K' అక్షరం లేని చిప్‌లకి సాధారణంగా మల్టిప్లయర్ పెరగదు. ఏఎమ్‌డీలో చిప్‌సెట్ పేరు 'A' అక్షరంతో మొదలయ్యే బోర్డులు ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌ని ఒప్పుకోవు. ఈ రెండు ముక్కలైనా మీ వ్యాసంలో ఉంటే చాలామందికి అరపూట వృథా ప్రయాస తప్పేది. రైజెన్ ఉన్నవాళ్లకి నేను బయోస్‌లోని కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ చెబుతాను. అందులో వోల్టేజీ తగ్గించడం ద్వారానే బూస్ట్ పెరుగుతుంది. అయితే దానికీ రాత్రి పరీక్ష తప్పదు. పైగా అది ఫుల్ లోడ్‌లో నిలిచి, ఊరికే ఉన్నప్పుడు రీస్టార్ట్ అయ్యే రకం కాబట్టి కొన్ని రోజులు మామూలు పనులతో కూడా చూడాలి.

వచ్చే వారం ర్యామ్ స్పీడు గురించి రాస్తామని వ్యాసం చివర ప్రకటించారు. ఎక్స్ఎమ్‌పీ, ఏఎమ్‌డీలో అలాంటిదే అయిన ఎక్స్‌పో ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగేనని అందులో దయచేసి రాయండి. మెమ్‌టెస్ట్86ని పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసి, విండోస్‌ని తెరవకముందే ర్యామ్‌ని పరీక్షించే పద్ధతి వివరంగా వేయండి. ప్రాసెసర్ వోల్టేజీ గురించి వదిలేసిన మాటలకి కూడా ఆ పేజీలోనే ఒక చిన్న బాక్సు కట్టండి.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్